తెగని వేలు

జోగిరెడ్డికి ఒక భయం పట్టుకుంది. గురువు మరిచిపోతున్నాడు.

గురువు పేరు సింగిరెడ్డి. జోగికి మేనమామ వరస. గోదావరికి పైన, కొండ మడతలో ఉన్న చిన్న గూడెం వాళ్లది. వేట మీద కట్టుబాట్లు రాకముందు సంగతి ఇది. ఆ కొండ మీద ఎవరి బాణానికి దుప్పి పడినా దాని పొట్ట తెరిచేది సింగిరెడ్డి కత్తే. బాణం వేసినవాడు పొట్ట మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ చెయ్యి ఇంకా అదురుతూ ఉంటుందని గూడెంలో అంటారు. కోసే పని ఒక్కడిది. అతని తర్వాత, అతను ఎవరికి కత్తి ఇస్తే వాళ్లది.

ఇంకో ఆచారం కూడా ఉంది. కోసినవాడు దుప్పి కార్జాన్ని తాను తినడు. తనకు పని నేర్పినవాడికి పంపుతాడు. సింగిరెడ్డికి నేర్పినాయన ఎప్పుడో పోయాడు. అయినా వేట జరిగిన ప్రతిసారీ సింగిరెడ్డి కార్జం ముక్కను అడ్డాకులో చుట్టి, దారిలో ఉన్న నల్లరాతి మీద పెట్టేవాడు. "తిను" అని చెప్పి, వెనక్కి చూడకుండా నడిచిపోయేవాడు. కాకి తిన్నదో నక్క తిన్నదో ఆయనకు పట్టేది కాదు.

అలాంటి మనిషి మరిచిపోతున్నాడు.

మరుపు ఒక్కసారిగా రాదు. ముందు పేర్లు పోతాయి. తర్వాత నిన్నటి రోజు పోతుంది. చిన్నప్పటి రోజులు మాత్రం చివరిదాకా గుమ్మంలోనే కూర్చుని ఉంటాయి. సింగిరెడ్డికి పేర్లు పోవడం మొదలైంది. జోగిని చనిపోయిన తన అన్న పేరు పెట్టి పిలిచేవాడు. భార్య పండమ్మను ఒక్కోసారి "అమ్మా" అనేవాడు.

"పెళ్లాన్నని గుర్తులేకపోతే పోయింది. జావ పోసేదాన్నని గుర్తుంది. అదే చాలు" అనేది పండమ్మ. నవ్వుతూనే అనేది. తర్వాత చాలాసేపు పొయ్యి ఊదుతూ కూర్చునేది.

జోగి ఆయన వెనక ఏళ్లుగా తిరుగుతున్నాడు. దుప్పి కాళ్లు పట్టుకున్నాడు. మాంసం మోశాడు. పక్కనే ఉండి అంతా చూశాడు. కత్తి మాత్రం ఒక్కసారి కూడా అతని చేతికి రాలేదు. గూడెంలో వెదురు చీల్చడంలో జోగిని మించినవాడు లేడు. ఎంత పొడుగు బొంగైనా ఒక్క లాగుతో చివరిదాకా చీల్చేవాడు. అంత పని చేసినా చేతుల మీద గీత ఉండేది కాదు. ఆ చేతులంటే అతనికి లోపల గర్వం.

సింగిరెడ్డి ఎడమ చూపుడువేలు అలా ఉండేది కాదు. దాని నిండా అడ్డదిడ్డంగా గాట్లు. కొస కాస్త వంకరపోయింది. ముసలాయనకు చూపు మందగించింది, చెయ్యి తడబడుతోంది, అందుకే కోసుకుంటున్నాడు అనుకునేవాడు జోగి. ఆ గాట్లలో కొన్ని తాను పుట్టకముందువని అతనికి తోచలేదు.

రోజూ పొద్దున్నే వచ్చి అడిగేవాడు.

"ఇంకా ఏమైనా చెప్పాల్సింది ఉందా మావా?"

"అంతా చెప్పేశాను కదరా."

ఒకరోజు జోగి వదల్లేదు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సరే, ఇప్పుడు వరసగా చెప్పు. దుప్పి పడింది. ముందు ఏం చెయ్యాలి?"

"తల ఎగువకి పెట్టాలి."

"తర్వాత?"

"వెల్లకిలా తిప్పి, కదలకుండా పక్కల రాళ్లు పెట్టాలి. వెనకదారి చుట్టూ కోసి అడ్డనారతో కట్టెయ్యాలి. లేకపోతే లోపలిదంతా మాంసం మీదికి వస్తుంది."

"తర్వాత?"

సింగిరెడ్డి ఆలోచించాడు. "లోపలికి చెయ్యి పెట్టి గొంతుపీక కొయ్యాలి."

"పొట్ట తెరవకుండా లోపలికి చెయ్యి ఎలా పెడతావు మావా?"

"అవును కదా." ముసలాయన తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "చేతికి తెలుసులే."

"చెయ్యి కూడా మరిచిపోతే?"

ముసలాయన ఆ చేతినే మెల్లగా ముడిచాడు.

"ఒరే జోగీ, పొద్దున్నే ఆయన బుర్ర పిండకురా" అంది పండమ్మ లోపల్నుంచి. "అది ఎండిపోయిన టెంక. ఇక రసం రాదు."

జోగి గొంతు తగ్గించాడు. "కత్తి నాకెప్పుడిస్తావు మావా?"

సింగిరెడ్డి జోగి ఎడమచేతిని దగ్గరికి లాక్కున్నాడు. చూపుడువేలును బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు. వదిలేశాడు.

"ఇంకా రాలేదు."

"ఏం రాలేదు?"

"ఏది?" అన్నాడు సింగిరెడ్డి. తను అన్నది అప్పటికే మరిచిపోయాడు.

జోగి లేచి వచ్చేశాడు. ముసలాయనతో పాటే పనంతా మట్టిలో కలిసిపోతుందని ఆ రోజంతా అతనికి దిగులు.

ఆ ఏడు వానాకాలం గూడేన్ని నలిపేసింది. పోడులో సామలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గాదెలు ఖాళీ. మామిడి టెంకల పిండితో కాచిన జావే పొద్దునా సాయంత్రం. ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. నీళ్లకు వెళ్లిన ఆడవాళ్లు దారి మధ్యలో కుండ దించి కూర్చుంటున్నారు. మాట్లాడడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

అలాంటప్పుడు లచ్చన్న బాణానికి ఒక పెద్ద దుప్పి పడింది. లచ్చన్న నోరున్న మనిషి, మంచి వేటగాడు. పరిగెత్తుకుంటూ గూడేనికి వచ్చాడు.

"పెద్దయ్యా, లే. వెదుళ్ల తోపు అవతల పడింది. ఎండ వచ్చేస్తోంది."

సింగిరెడ్డి కర్ర పట్టుకుని బయల్దేరాడు. వెనక జోగి. ముసలాయన ప్రతి మలుపులోనూ ఆగి కూర్చున్నాడు. ఒకచోట లేచి, వచ్చిన దారినే వెనక్కి నడవబోతే జోగి భుజం పట్టుకుని తిప్పాడు.

వాళ్లు చేరేసరికి వాన వెలిసి ఉక్కగా ఎండ కాస్తోంది. దుప్పి మీద ఈగలు వాలాయి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. దానిలోపలి వేడి బయటికి పోకపోతే మాంసాన్ని పట్టుకుంటుంది. అది అందరికీ తెలుసు.

"ఇలాగే గెడకి కట్టి మోసుకుపోతే బాగుండేది" అన్నాడు లచ్చన్న. "కొమ్ములతో సహా గూడెమంతా చూసేది."

"నీ దుప్పిని చూస్తే కడుపు నిండుతుందా వాళ్లకి?" అన్నాడు జోగి.

సింగిరెడ్డి దుప్పి మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఉన్నాడు. తర్వాత లేచి నడుము తడుముకున్నాడు. మొలతాడు తడుముకున్నాడు. చుట్టూ గడ్డిలో వెతికాడు. కత్తి ఆయన కుడిచేతిలోనే ఉంది.

జోగి అది చూశాడు. లచ్చన్న కూడా చూశాడు.

"మావా, ఇవాళ నేను చేస్తాను. నువ్వు అలిసిపోయావు."

"ఇయ్యి పెద్దయ్యా" అన్నాడు లచ్చన్న. "వాడి చేతులు చూడు. అంత వెదురు కోస్తాడు, గీత పడదు."

"గీత పడదు" అన్నాడు సింగిరెడ్డి, తనలో తాను. కత్తి వైపు చూశాడు. జోగి చేతుల వైపు చూశాడు. మద్దిచెట్టు మొదట్లో చతికిలబడ్డాడు.

"సరే. అలిసిపోయాను. ఇవాళ్టికి నువ్వు చెయ్యి."

జోగి దుప్పి తలను ఎగువకి తిప్పాడు. వెల్లకిలా పెట్టి, పక్కల రాళ్లు ఆనించాడు. వెనకదారి చుట్టూ శుభ్రంగా కోసి, లాగి, నారతో ముడేశాడు. ముసలాయన చెప్పిన వరసలో తప్పిపోయినవి కూడా అతనికి గుర్తున్నాయి. ఒక్కటి కూడా వదల్లేదు. చెయ్యి అదరలేదు.

రొమ్ము ఎముక కింద కత్తిమొన దించాడు. వెదురుకి గాటు పెట్టినట్టే పెట్టాడు. ఒక్క లాగు లాగాడు.

వెదురు లోపల బోలు. వానాకాలపు దుప్పి పొట్ట సంచి అలా ఉండదు. పచ్చిగడ్డితో నిండి, ఉబ్బి, చర్మానికి అంటుకుపోయి ఉంటుంది.

ముందు వాసన వచ్చింది. తర్వాత చిరిగిన సంచిలోంచి ఆకుపచ్చటి ముద్ద బుసబుసా పైకి వచ్చి పేగుల మీద, కార్జం మీద, తొడల మీదికి పాకింది.

కోత సగంలో ఉండగానే జోగి కత్తి ఆపేశాడు.

"ఒకసారి నేను చంపాను. రెండోసారి నువ్వు చంపావు కదరా" అన్నాడు లచ్చన్న. ఆ మాట అని, తల పట్టుకుని కూర్చున్నాడు. అతని ఇంట్లో ఇద్దరు జ్వరంతో ఉన్నారు.

సింగిరెడ్డి చెట్టు పట్టుకుని లేచాడు. తిట్టలేదు. వచ్చి దుప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కత్తి కోసం చెయ్యి చాచాడు.

"కాళ్లు పట్టుకో."

జోగి కాళ్లు పట్టుకున్నాడు.

ముసలాయన కత్తి వాదర పైకి తిప్పాడు. ఎడమచెయ్యి లోపలికి పెట్టి, చూపుడువేలును కత్తిమొన మీద కప్పాడు. వేలు ముందు వెళ్లింది. అది చర్మాన్ని పైకి లేపుతూ, పేగుల్ని కిందికి నొక్కుతూ దారి చేసింది. కత్తి దాని వెనకే నెమ్మదిగా వెళ్లింది. ఇన్నేళ్లూ జోగి కత్తినే చూశాడు. ఆ వేలును ఎప్పుడూ చూడలేదు.

ఒకచోట చర్మం బిగిసి, కత్తి ఒక్కసారిగా జారింది. ముసలాయన ముఖం ముడుచుకుంది. వేలు అక్కణ్నుంచి కదల్లేదు. దాని పక్కనుంచి సన్నగా నెత్తురు కారింది.

"మావా, నీ వేలు!"

"ఊఁ."

పొత్తికడుపు దాకా తెరిచాడు. ఉచ్చబుడ్డను రెండు వేళ్లతో పట్టి, చిట్లకుండా ఎత్తి తీశాడు. గుండెకీ పేగులకీ మధ్య ఉన్న పొరను పక్కటెముకల వెంబడి కోశాడు. తర్వాత మోచేతిదాకా లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. లోపల గొంతుపీక దొరికింది కాబోలు, ముఖం తేటపడింది. కోసి, పట్టి లాగాడు. లోపలున్నదంతా ఒక్క మూటలా దిగువకి జారిపోయింది.

ఆ కాసేపు ఆయన ఏదీ మరిచిపోలేదు.

జోగి తువ్వాలు తడిపి తేబోయాడు.

"నీళ్లు వద్దు. పొడిగా తుడు. నీళ్లు పోస్తే కంపంతా పాకుతుంది."

తుడవగా మిగిలిన చోట కత్తితో చెక్కి పారేశారు. చాలా పోయింది. పొట్ట మూసుకుపోకుండా మధ్యలో ఒక పుల్ల అడ్డం పెట్టి, నీడలో గాలికి ఉంచారు. సింగిరెడ్డి కార్జాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. పక్కన పొదలోకి విసిరేశాడు.

తిరిగి వస్తూ నల్లరాయి దగ్గర ఆయన ఆగాడు. అలవాటుగా చెయ్యి చాచాడు. అందులో ఏమీ లేదు. 

"ఇవాళ లేదు" అన్నాడు రాయితో.

జోగి తల దించుకున్నాడు.

వాగు దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు సింగిరెడ్డి, "ఏదీ, నీ వేలు చూపించు" అన్నాడు.

జోగి ఎడమచెయ్యి చాచాడు. వేలు నున్నగా ఉంది. గీత లేదు. ముసలాయన దాన్ని నీళ్లలో ముంచి, పైకి తీసి, వెలుతురులో పెట్టి చూశాడు.

"పొట్ట తెగింది. వేలు తెగలేదు."

కర్ర అందుకుని నడిచాడు.

గూడెంలో మాంసం పంచితే ఇంటికి గుప్పెడు కూడా రాలేదు. కోసినవాడు తన వాటా చివర తీసుకోవాలి. జోగి వంతు వచ్చేసరికి ఆకు మాత్రమే మిగిలింది. దాన్నే మడిచి ఇంటికి పట్టుకెళ్లాడు. భార్య బుల్లెమ్మ ఆకు విప్పి చూసింది. మళ్లీ మడిచింది. జావ పోసింది. అతను తాగలేకపోయాడు.

ఆ తర్వాత సింగిరెడ్డి ఇల్లు కదల్లేదు. జోగి పొద్దున్నే వెళ్లేవాడు గానీ ఏమీ అడిగేవాడు కాదు. పక్కన కూర్చుని తడికెలు అల్లేవాడు. ముసలాయన అల్లికను చూస్తూ ఉండేవాడు. ఒక్కోసారి, "ఎవరబ్బాయివి నువ్వు?" అనేవాడు. జోగి తండ్రి పేరు చెప్పేవాడు. "మంచివాడు" అనేవాడు సింగిరెడ్డి. కాసేపటికి మళ్లీ అడిగేవాడు.

సామలు ఇంటికొచ్చాయి. కొండ మీద గడ్డి పసుపెక్కింది. లచ్చన్న మళ్లీ వచ్చాడు.

"పెద్దయ్యా, దుప్పి పడింది."

సింగిరెడ్డి అతని వైపు మర్యాదగా చూశాడు. కొత్తవాళ్లను చూసినట్టు. "కూర్చో బాబూ" అన్నాడు.

లచ్చన్నకు ఏం చెయ్యాలో తెలియలేదు. జోగి వైపు చూశాడు. జోగి నేలకేసి చూశాడు.

పండమ్మ లోపలికి వెళ్లి, చూరులోంచి కత్తి తీసింది. తెచ్చి జోగి చేతిలో పెట్టింది.

"పని కాగానే తెచ్చి ఆయనకే ఇయ్యి. నీకు ఇవ్వాల్సింది ఆయన. నేను కాదు."

"అలాగే అత్తా."

"ఆ నోరున్నవాడి మాటలు వినకు. నిదానంగా చెయ్యి."

"నేనేమన్నానే పెద్దమ్మా?" అన్నాడు లచ్చన్న.

"ఇంకా అనలేదు. దారిలో అంటావు."

దారిలో లచ్చన్న అనలేదు. దుప్పి దగ్గరికి వెళ్లాక కూడా అనలేదు. దూరంగా ఒక రాతి మీద కూర్చుని ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

జోగి తల ఎగువకి పెట్టాడు. రాళ్లు ఆనించాడు. నార కట్టాడు. కత్తి వాదర పైకి తిప్పి, మొన మీద ఎడమ చూపుడువేలు కప్పాడు. చర్మం కింద వెచ్చగా, మెత్తగా పొట్ట సంచి వేలికి తగిలింది. అది ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది అతనికి. వేలుతో దాన్ని కిందికి ఒత్తి ఉంచి, కొంచెం కొంచెంగా జరిగాడు. వెదురు చీల్చే చెయ్యి తొందరపడుతూనే ఉంది. దాన్ని ఆపుకుంటూ జరిగాడు.

బొడ్డు దగ్గర చర్మం బిగిసింది. కత్తి జారింది.

ఎముకదాకా మండింది. వేలు వెనక్కి తీసేద్దామని ఒళ్లంతా అరిచింది. తియ్యలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా అలాగే ముందుకి పోనిచ్చాడు.

చివరికి మూట దిగువకి జారింది. పొట్ట సంచి చెక్కుచెదరకుండా, గుండ్రంగా, గడ్డిలో మెరుస్తూ కూర్చుంది.

లచ్చన్న దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఒరే, ఈ నెత్తురు దానిదా, నీదా?"

"తెలీదు" అన్నాడు జోగి.

పొద్దు వాలకముందే అతను సింగిరెడ్డి ఇంటికి వచ్చాడు. వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ముసలాయన గుమ్మం ముందు ఎండలో కూర్చుని ఉన్నాడు. జోగి ఎదురుగా గొంతుక్కూర్చుని, కడిగి తెచ్చిన కత్తిని ముందు పెట్టాడు.

"కత్తి మావా."

సింగిరెడ్డి కత్తిని చూడలేదు. గుడ్డను చూశాడు. జోగి చేతిని ఒళ్లోకి లాక్కుని పీలిక విప్పాడు. గాటు లోతుగానే ఉంది. దాని పక్కన తన వంకర వేలు పెట్టి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"పొట్ట?"

"తెగలేదు."

ముసలాయన పీలిక మళ్లీ చుట్టాడు. నిదానంగా, బిగువుగా ముడేశాడు. తర్వాత కత్తిని తీసి జోగి ఒళ్లో పెట్టాడు.

"పట్టుకుపో. ఇది నీలాంటివాడి దగ్గర ఉండాలి."

గుమ్మంలో నిలబడి చూస్తున్న పండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సింగిరెడ్డి జోగి ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టాలని ప్రయత్నించి, అలిసిపోయి, వదిలేసినట్టు కనిపించాడు.

"మంచి చెయ్యి నీది. ఎవరు నేర్పారు?"

"ఒక పెద్దాయన" అన్నాడు జోగి.

"ఉన్నాడా?"

"ఉన్నాడు మావా."

"అయితే ఇక్కడ కూర్చున్నావేం? కార్జం ఆయనకి ఇచ్చి రా. చల్లారిపోతుంది."

జోగి నడుము దగ్గర దాచుకున్న అడ్డాకు పొట్లం తీశాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. రెండు చేతులతో పట్టుకుని, ముసలాయన అరచేతిలో పెట్టాడు.